తిండి తేడాగా ఉంది: అలవాటా, ఈటింగ్ డిజార్డరా? ఇంట్లో గుర్తుపట్టడం ఎలా

"మా అమ్మాయి రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసింది, జబ్బంటారా?" "మా ఆయన అందరూ పడుకున్నాక వంటింట్లో నిలబడి గిన్నెలు ఖాళీ చేస్తున్నారు, అడిగితే కోపం." "హాస్టల్లో నా రూమ్మేట్ తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్తోంది, ఎవరికి చెప్పాలి?" ఈ మూడు ప్రశ్నలూ పేర్లు మార్చుకుని వస్తూనే ఉంటాయి. అందరికీ పనికొచ్చేలా ఒకేచోట రాస్తున్నాను.

ముందే ఒక మాట. జబ్బు ఉందో లేదో తేల్చేది డాక్టరు. ఇంట్లోవాళ్లు చేయగలిగింది త్వరగా కనిపెట్టడం, కనిపెట్టింది రాసి పెట్టుకోవడం, గొడవ లేకుండా మనిషిని డాక్టరు దాకా తీసుకెళ్లడం. ఈ మూడూ సరిగా జరిగితే చాలా నెలలు కలిసొస్తాయి.

థియరీ ఎక్కువ వద్దు గానీ ఈటింగ్ డిజార్డర్ల (తిండి చుట్టూ తిరిగే మానసిక జబ్బుల) రకాలు తెలిసి ఉండాలి. లావైపోతామన్న భయంతో తిండి బాగా తగ్గించేయడం అనోరెక్సియా. ఆబగా తినేసి, తర్వాత వాంతి, ఉపవాసం, విపరీతమైన వ్యాయామంతో దాన్ని 'సరిచేయాలని' చూడడం బులీమియా. అలా సరిచేసే ప్రయత్నం లేకుండా పదేపదే అదుపు తప్పి తినడం బింజ్ ఈటింగ్. బరువు గురించి ఏ బెంగా లేకుండానే వాసనకో, మెత్తదనానికో, గొంతులో అడ్డుపడుతుందన్న భయానికో రెండు మూడు పదార్థాలకే పరిమితమైపోవడం ఆర్ఫిడ్. బలపాలు, సుద్దముక్కలు, మట్టి, గోడ సున్నం తినడం పైకా. ఒకదాంట్లో మొదలై ఇంకోదాంట్లోకి మారేవాళ్లూ ఉంటారు. కాబట్టి పేరు తేల్చుకోవడానికి తంటాలు పడకండి.

వీటన్నిటిలో ఇంట్లోవాళ్లు పట్టుకోవాల్సిన కొస ఒకటే. ఎంత తింటున్నారో లెక్కపెట్టడం కంటే, తినే పద్ధతి మారాల్సి వచ్చినప్పుడు మనిషి ఎలా అవుతున్నారో గమనించండి. టైం తప్పి తినే మనిషికి వేడివేడిగా పప్పన్నం పెడితే కూర్చుని తింటారు. జబ్బు పట్టిన మనిషికి అదే కంచం చూస్తే టెన్షన్ మొదలవుతుంది.

ఏమేం కావాలి

- ఒక నోట్‌బుక్, లేదా ఫోన్‌లో లాక్ వేసుకోగలిగే నోట్స్. ఎవరి గురించి రాస్తున్నారో వాళ్ల కంట పడకూడదు.
- సుమారు రెండు వారాల ఓపిక. (అర్జెంటు లక్షణాలుంటే రెండు గంటలు కూడా ఆగొద్దు, అది మొదటి మెట్టులోనే ఉంది.)
- సెకన్ల ముల్లున్న గడియారం, లేదా ఫోన్ టైమర్. నాడి చూడడానికి.
- పిల్లలైతే పాత ఎత్తు, బరువు రికార్డులు. టీకాల కార్డు, స్కూల్ హెల్త్ చెకప్ కాగితాలు, ఏవి దొరికితే అవి.
- ఇంట్లో మీతో ఏకాభిప్రాయం ఉన్న ఇంకో మనిషి. అమ్మ ఒకటి, నాన్న ఒకటి, అమ్మమ్మ మరొకటి చెబితే ఈ పని సాగదు.
- 14416 నంబరు ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. ఇది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, టెలీ మానస్. ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

అక్కర్లేనివి కూడా చెప్పాలి. వేయింగ్ మెషీన్ కొనకండి. ఉంటే అటక మీద పెట్టేయండి. క్యాలరీలు లెక్కపెట్టే యాప్‌లు మీ ఫోన్‌లోనూ వద్దు.

1. ముందు అర్జెంటా కాదా తేల్చుకోండి

కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా గైడు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. నడవలేని స్థితిలో ఉంటే 108కి ఫోన్ చేయండి.

- స్పృహ తప్పడం, లేచి నిలబడగానే పదేపదే కళ్లు బైర్లు కమ్మడం
- ఛాతీలో నొప్పి, గుండె దడ, గుండె కొట్టుకోవడంలో తేడా
- వాంతిలో రక్తం, లేదా నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం
- ఫిట్స్, మాట తడబడడం, మెట్లు ఎక్కలేనంత నీరసం
- రోజంతా నీళ్లు గానీ ఆహారం గానీ ముట్టకపోవడం
- మెలకువగా, నిమ్మళంగా కూర్చుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువ
- "నేను లేకపోతేనే బాగుంటుంది" లాంటి మాటలు, తనకు తాను హాని చేసుకోవడం

నాడి చూడడం కష్టమేం కాదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి, పూర్తిగా 60 సెకన్లు లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేయడం వద్దు, ఒక్కటి తప్పినా నాలుగు తేడా వస్తుంది. ఆటలాడేవాళ్లకు నాడి సహజంగానే తక్కువగా ఉంటుందని అంటుంటారు. నిజమే, కానీ తిండి కూడా తగ్గిన మనిషి విషయంలో ఆ సర్దుబాటు మీరు చేసుకోవద్దు, డాక్టరును చేయనివ్వండి.

ఇంకో హెచ్చరిక. ఇన్సులిన్ తీసుకునే షుగర్ పేషెంటు తిండి అస్తవ్యస్తమైతే రెండు వారాల పరిశీలన అనేదే లేదు. అదేరోజు వాళ్ల డాక్టరుకు చెప్పండి. ఇన్సులిన్ సరిగా వేసుకుంటున్నారా అన్నది కూడా డాక్టరునే అడగమనండి.

2. కారణం వెతకండి. ఆ కారణం తీసేసి చూడండి

తిండి తేడాగా ఉన్న ప్రతివాళ్లకూ ఈటింగ్ డిజార్డర్ అంటగట్టలేం. ఇంటర్ కాలేజీ హాస్టల్లో తెల్లవారకముందే లేచి స్టడీ అవర్లో కూర్చునే పిల్లలు టిఫిన్ సరిగా తినరు. మెస్ సాంబారు వాసన పడక బిస్కెట్లతో గడిపేవాళ్లున్నారు. అమెరికా క్లయింటు టైముకు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మధ్యాహ్నం మూడింటికి తెల్లారుతుంది. కొత్తగా మాస్టర్స్‌కి వెళ్లిన కుర్రాడు పార్ట్ టైం ఉద్యోగానికీ క్లాసుకూ మధ్య రోజుకు ఒక్కసారే తింటాడు. ఇవన్నీ ఆరోగ్యానికి మంచివి కావు, అది వేరే సంగతి.

తేడా ఇలా తెలుస్తుంది: కారణం పోయాక తిండి తిరిగి దారిలో పడుతోందా? సెలవులకు ఇంటికొచ్చిన పిల్లాడు మొదటి రెండు రోజులు నిద్రపోయి, మూడో రోజు నుంచి "అమ్మా, గుత్తివంకాయ చెయ్యవా" అంటే ఊపిరి పీల్చుకోండి. ఇంటికొచ్చి వారమైనా "అక్కడ తినేశాను", "కడుపులో బాలేదు", "పొద్దున ఎక్కువైంది" అని రోజుకొక సాకు చెబుతుంటే, లేదా తనకిష్టమైన వంట వండితే ఏడుపు మొహం పెడితే, మూడో మెట్టుకు వెళ్లండి.

ఉపవాసాల దగ్గరే మన ఇళ్లలో ఎక్కువ పొరపాటు జరుగుతుంది. కార్తీక సోమవారం, శివరాత్రి, శనివారం ఒక్కపొద్దు, రంజాన్ రోజా, క్రైస్తవుల శ్రమకాలపు ఉపవాసం, దేనికైనా ఒక మొదలు, ఒక ముగింపు ఉంటాయి. కార్తీక సోమవారం నక్షత్ర దర్శనం కాగానే తింటారు, ఇఫ్తార్‌కు ఖర్జూరం నోట్లో వేసుకుంటారు. నలుగురితో కలిసి తింటారు, ఆ పూట అదొక సంబరం. ఇలా జరుగుతున్నంత కాలం కంగారు లేదు. కింది మార్పులు కనిపిస్తే మాత్రం భక్తి అని వదిలేయకండి:

- వారానికి ఒకరోజు కాస్తా మూడు రోజులు, అయిదు రోజులు కావడం
- ఉపవాసం విడిచే వేళకు మాయమైపోవడం, ప్రసాదం చేతిలోకి తీసుకుని తినకపోవడం
- జ్వరం వచ్చినా, నెలసరి సమయంలోనూ మానకపోవడం
- పూజ తగ్గి ఉపవాసం మాత్రమే మిగలడం
- విడిచిన రాత్రి చాటుగా ఆబగా తినడం

ఇంట్లో పెద్దవాళ్లు "పిల్లకెంత నియమమో" అని మెచ్చుకుంటూ ఉంటారు. ఆ మెచ్చుకోలు ఆపించండి. ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్, కీటో లాంటి డైట్ల విషయంలోనూ ఇవే గుర్తులు చూడండి. పెళ్లికి ముందు సన్నబడదామని మొదలుపెట్టిన డైట్ పెళ్లయ్యాక కూడా గట్టిపడుతూ పోతే అది పెళ్లి కోసం చేస్తున్నది కాదు.

ఒంట్లో జబ్బుల వల్ల కూడా ఇలా జరుగుతుంది. థైరాయిడ్, టీబీ, షుగర్, కడుపులో పుండు, డిప్రెషన్, కొన్ని మందులు, ఇవన్నీ ఆకలినీ బరువునూ మారుస్తాయి. తేల్చేది డాక్టరు, పరీక్షలు. మీ పని కాదు.

3. రెండు వారాలు చూడండి, రాయండి

కూపీ లాగినట్టు కాకుండా మామూలుగా చూడండి. గది వెతకడం, చెత్తబుట్ట తిరగేయడం, బాత్రూం తలుపు దగ్గర చెవి ఆనించడం వద్దు. ఒక్కసారి అలా దొరికిపోతే ఆ మనిషి మీ దగ్గర ఇక నోరు విప్పరు.

రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు. కొలతలు, ముద్దల లెక్కలు వద్దు. ఇలా ఉండాలి:

"మంగళవారం. టేబుల్ దగ్గరికి రాలేదు, గదిలో తింటానంది. అత్తయ్య వాళ్లు భోజనానికి పిలిచారంటే చిరాకు పడింది."

"గురువారం. నూనె ఎంత వేశావని మూడుసార్లు అడిగింది. తనే అందరికీ కేక్ చేసింది, తను ముట్టలేదు."

"శనివారం. సినిమాకెళ్తే అనుకోకుండా బయట తినాల్సి వచ్చింది. ఇంటికొచ్చి రాత్రి పదకొండింటికి గంటసేపు మేడ మీద నడిచింది."

ఈ మూడో దానిలాంటివి నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తాయి. అనుకోకుండా ఏదైనా తినాల్సి వచ్చినప్పుడు మనిషి ఏం చేశారన్నది రాయడం మరిచిపోకండి. తర్వాతి పూట మానేశారా, వ్యాయామంతో శిక్ష వేసుకున్నారా, మొహం ముడుచుకున్నారా, లేక "పోన్లే" అనుకుని నిద్రపోయారా?

ఇంకా గమనించదగ్గవి: నలుగురిలో తినడం తప్పించుకోవడం. తిన్న వెంటనే ప్రతిసారీ బాత్రూం. కొన్ని పదార్థాలకు 'చెడ్డవి' అన్న ముద్ర, ఆ జాబితా నెలనెలా పెరగడం. ముందు నూనె, తర్వాత అన్నం, ఆపైన పండ్లు కూడా. తిండి గురించి వీడియోలు గంటలకొద్దీ చూడడం, తినకపోవడం. డబ్బాల్లో ఉన్నవి చడీచప్పుడు లేకుండా అయిపోవడం, అడిగితే సిగ్గుతో కుంచించుకుపోవడం. వదులు బట్టలు, ఎండాకాలంలోనూ స్వెటర్. అద్దం ముందు పదేపదే పొట్ట చూసుకోవడం, లేదంటే అద్దమే చూడకపోవడం.

తిండి మానేసిన పిల్ల వంటల వీడియోలు చూడడమేమిటని విస్తుపోతుంటారు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నెలల తరబడి తిండి బాగా తగ్గించి చూశారు. వాళ్లు వంటల పుస్తకాలు చదువుతూ, తిండి గురించే మాట్లాడుకుంటూ, చికాకుగా, ముభావంగా మారిపోయారు. ఆకలి మెదడుకు చేసే పని అది. మీ పిల్ల నటించడం లేదు.

మగపిల్లల్లో ఇది వేరే వేషంలో వస్తుంది. జిమ్, ప్రొటీన్ పౌడర్, ఉడికించిన చికెన్, 'ఇంకా సన్నగానే ఉన్నా' అన్న బెంగ. ఇంట్లో శుభకార్యమున్నా జిమ్ మానలేకపోవడం, ఒక్క రోజు మానితే కుదురు లేకపోవడం కనిపిస్తే నోట్‌బుక్‌లో రాయండి. "మగాడికి ఇదేం జబ్బు" అని నవ్వేసేవాళ్లే ఎక్కువ కాబట్టి వీళ్లు డాక్టరు దాకా రావడం ఆలస్యమవుతుంది.

చిన్నపిల్లల సంగతి కొంచెం చెప్పాలి. మూడు నాలుగేళ్ల పిల్లలు కూరలు ఏరిపారేయడం మామూలే. పదేళ్లొచ్చినా పెరుగన్నం, చిప్స్, ఒక రకం బిస్కెట్ తప్ప ఏమీ ముట్టకపోవడం, ఎదుగుదల ఆగిపోవడం, చేపముల్లు గుచ్చుకున్న రోజు నుంచి గట్టి పదార్థమే మింగకపోవడం మామూలు కాదు. అలాగే బలపం, సుద్ద, మట్టి తినడం నెలకు పైగా సాగితే కొట్టి మాన్పించడం కాదు, హిమోగ్లోబిన్, ఐరన్ పరీక్ష చేయించండి. ఐరన్ లోపంతో ఈ కోరిక పుట్టడం బాగా తెలిసిన విషయం. గర్భిణులు మట్టి, పచ్చి బియ్యం, ఐసు నములుతున్నా ఇదే పరీక్ష అవసరం. వేవిళ్ల ముచ్చట అనుకుని వదిలేయొద్దు.

4. ఒంటి మీద కనిపించేవి

దాపరికం లేని గుర్తులు ఇవి. ఒక్కొక్కటిగా చూస్తే దేనికైనా కావచ్చు, రెండు మూడు కలిస్తే విలువ ఎక్కువ.

నెలసరి ఆగిపోవడం లేదా బాగా అటూఇటూ కావడం. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటుంటే ఈ గుర్తు పనికిరాదు, ఎందుకంటే మాత్రల వల్ల నెలనెలా రక్తస్రావం అవుతూనే ఉండొచ్చు. ఎప్పుడూ చలి, చేతివేళ్లు చల్లగా ఉండడం. జుట్టు గుత్తులుగా రాలడం, వీపు మీద, చేతుల మీద సన్నటి నూగు. మలబద్ధకం. చెవుల కింద దవడ దగ్గర రెండు వైపులా వాపు, గవదబిళ్లల్లా. పళ్లు జివ్వుమనడం, పంటి లోపలి వైపు పైపొర అరిగిపోవడం. వేళ్ల కణుపుల మీద కాయలు. వాంతుల సంగతి డెంటిస్టే ముందు కనిపెట్టిన సందర్భాలు చాలా ఉంటాయి, కాబట్టి పళ్ల డాక్టరు ఏదైనా అడిగితే తేలిగ్గా తీసుకోకండి.

ఎదిగే వయసు పిల్లల్లో బరువు తగ్గడమే చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది. ఆ వయసులో పెరగాల్సిన బరువు పెరగకపోయినా లెక్కలోకే వస్తుంది. పాత రికార్డులు తీసిపెట్టమన్నది అందుకే. పిల్లల డాక్టరు గ్రోత్ చార్టు మీద చుక్కలు పెట్టి ఏ నెల నుంచి గీత వంగిందో చూపిస్తారు.

*ఎక్కువమంది చేసే తప్పు:* మనిషి బొద్దుగానే ఉన్నారు కదా, ఇంకేం జబ్బు అనుకోవడం. బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లలో చాలామంది మామూలు బరువుతోనో, ఎక్కువ బరువుతోనో ఉంటారు. లావుగా ఉన్న పిల్ల ఒక్కసారిగా తిండి మానేసి తగ్గుతుంటే ఇల్లంతా చప్పట్లు కొడుతుంది. నాడి, రక్తంలో పొటాషియం దెబ్బతినడానికి సన్నగా ఉండక్కర్లేదు.

5. అయిదు ప్రశ్నలు

1999లో బ్రిటన్ డాక్టర్లు తయారుచేసిన 'స్కాఫ్' అనే చిన్న ప్రశ్నావళి ఉంది. మీ గురించి మీకే అనుమానముంటే నేరుగా వేసుకోండి. ఇంట్లోవాళ్ల కోసమైతే ప్రశ్నపత్రంలా చేతిలో పెట్టకండి, మాటల్లో తెలిసినంత చాలు.

1. కడుపు మరీ నిండిపోయినట్టు అనిపించి కావాలని వాంతి చేసుకుంటున్నారా?
2. ఎంత తింటున్నానో అదుపు తప్పిపోయిందని దిగులుగా ఉందా?
3. ఈ మధ్య మూడు నెలల్లో ఆరు కిలోలకు పైగా తగ్గారా?
4. సన్నగా ఉన్నావని అందరూ అంటున్నా మీకు మీరు లావుగానే కనిపిస్తున్నారా?
5. జీవితాన్ని తిండే నడిపిస్తోందని చెప్పగలరా?

రెండింటికి అవును అన్నా డాక్టరుకు చూపించుకోవాలి. ఒక్కటే అవును, అది మొదటిదైతే నేనైతే ఆగను. అన్నీ కాదు అన్నంత మాత్రాన ఏమీ లేదని కాదు. ఆర్ఫిడ్ ఈ ప్రశ్నలకు అసలు దొరకదు. నిజం చెప్పే ధైర్యం రాని మనిషికి అయిదూ కాదే అవుతాయి.

డాక్టర్లు బులీమియా, బింజ్ ఈటింగ్ అని రాయడానికి వారానికి కనీసం ఒకసారి చొప్పున మూడు నెలలు జరగాలని చూస్తారు. అది వాళ్ల కాగితం మీది లెక్క. మూడు నెలలు నిండేదాకా ఎదురుచూడమని దాని అర్థం కాదు.

6. మాట్లాడండి, కంచం ముందు కాదు

భోజనం వేళ వద్దు, చుట్టాల ముందు వద్దు, గొడవ మధ్యలో అసలే వద్దు. బండి మీద వెళ్తున్నప్పుడో, మేడ మీద బట్టలు ఆరేస్తున్నప్పుడో, ఎదురెదురు చూపులు అక్కర్లేని చోటైతే మాట సులువుగా వస్తుంది. శరీరం గురించి కాకుండా మీరు చూసినదాని గురించి మాట్లాడండి.

అమ్మ కూతురితో: "బంగారం, ఈ మధ్య మాతో కూర్చుని తినడం మానేశావు. మొన్న మెట్ల మీద కళ్లు తిరుగుతున్నాయన్నావు. నాకు భయంగా ఉందిరా. ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను."

భార్య భర్తతో: "ఏవండీ, రాత్రిళ్లు తిన్నాక మీరు చాలా బాధపడుతున్నట్టున్నారు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. ఒక్కరే పడక్కర్లేదు, చూపించుకుందాం."

రూమ్మేట్‌తో: "ఏమే, నేనెవరికీ చెప్పలేదు. కానీ తిన్నాక నువ్వు వాంతి చేసుకుంటున్నావేమోనని నాకు డౌట్. నీతో పాటు డాక్టరు దగ్గరికి రావాలంటే వస్తాను." ఒకవేళ స్పృహ తప్పడం లాంటివి జరిగితే రహస్యం మాట పక్కన పెట్టి వార్డెన్‌కో, ఇంటికో చెప్పండి. ఆ మాట ముందే చెప్పి ఉంచితే ఇంకా మంచిది.

అనకూడనివి: "పుల్లలా అయిపోయావు", "తిన్నదంతా ఎటు పోతోంది", "నీకేం తక్కువ చేశాం", "అన్నం దొరకనివాళ్లను చూడు", "నా మీద ఒట్టు, ఈ ఒక్క ముద్ద". ముఖ్యంగా ఆ ఒట్లు. తినలేకపోయిన ప్రతిసారీ అమ్మకు కీడు తలపెట్టానన్న అపరాధ భావం అదనంగా మిగులుతుంది. "ఇప్పుడు బాగున్నావు, కాస్త ఒళ్లు చేశావు" అన్న మెప్పు కూడా వద్దు. వినేవాళ్లకు అది లావయ్యావనే వినిపిస్తుంది.

మొదటిసారి "ఏం లేదు, నన్నొదిలెయ్" అనే జవాబే వస్తుందనుకోండి. వాదించకండి. నాలుగు రోజులాగి మళ్లీ అదే స్వరంతో అడగండి. పిల్లలు మైనర్లయితే వాళ్లు ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు, జ్వరమొస్తే ఎలా తీసుకెళ్తారో అలాగే తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ససేమిరా అంటే 'నీరసానికి రక్తపరీక్ష' అన్న దారి చాలాసార్లు పనిచేస్తుంది. అది అబద్ధం కూడా కాదు.

7. డాక్టరు దగ్గర

నేరుగా సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలని లేదు. పిల్లల డాక్టరు, జనరల్ ఫిజీషియన్ ఎవరైనా మొదలుపెట్టొచ్చు. నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ సారాంశం రాసి ఇవ్వండి: ఎప్పటినుంచి, ఏం మారింది, నెలసరి, కళ్లు తిరగడం, వాడుతున్న మందులు. రోగి ముందు చదివి వినిపించకండి.

సాధారణంగా చూసేవి బీపీ, నాడి (పడుకున్నప్పుడు, నిలబడ్డప్పుడు), ఈసీజీ, రక్తంలో సోడియం, పొటాషియం, ఫాస్ఫరస్, షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, కిడ్నీ పరీక్షలు. పొటాషియం, ఈసీజీ రాయకపోతే, వాంతుల అనుమానం ఉందని చెప్పి మీరే అడగండి.

రిపోర్టులన్నీ నార్మల్ వస్తే ఇంటికొచ్చి "చూశావా, ఏం లేదు" అనేస్తారు చాలామంది. బాగా జబ్బు ముదిరినవాళ్లకు కూడా రక్తపరీక్షలు నార్మల్ రావొచ్చు. రిపోర్టు బాగుంది, తిండి భయం అలాగే ఉంది అంటే తర్వాతి అడుగు మానసిక వైద్యులే. డాక్టరు "ఈ వయసులో అంతే" అని పంపించేస్తే ఇంకొకరికి చూపించండి.

హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎర్రగడ్డ పేరు చెప్పగానే జంకేవాళ్లు ముందు 14416కి చేసి దగ్గర్లో ఎవరున్నారో కనుక్కోవచ్చు. విదేశాల్లో చదువుతున్న పిల్లలైతే యూనివర్సిటీ హెల్త్ సెంటర్ మొదటి మెట్టు. అమెరికాలో చనిపోవాలన్న ఆలోచనలుంటే 988కి ఫోన్ చేయాలి. ఇన్సూరెన్సు ఉంటే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మానసిక జబ్బులకూ శారీరక జబ్బులతో సమానంగా కవరేజీ ఇవ్వాలి. ఓపీ ఖర్చులు మీ పాలసీలో ఉన్నాయో లేదో మాత్రం చూసుకోండి.

ఈలోగా ఇంట్లో చేయకూడనివి మూడు. మెడికల్ షాపులో అడిగి ఆకలి పుట్టించే సిరప్ తేవడం. జీవితంలో ఎప్పుడూ డైట్ చేయొద్దని లెక్చర్లు ఇవ్వడం. మూడోది ప్రమాదకరం: చాలాకాలం సరిగా తినని మనిషికి ఒక్కసారిగా నెయ్యి, స్వీట్లు, మూడు పూటలా భారీ భోజనం కుక్కడం. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్ లాంటివి పడిపోయి గుండెకు ముప్పు రావొచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరో డైటీషియనో చెప్పాలి. దిష్టి తీయాలంటే తీసుకోండి, దానివల్ల నష్టం లేదు. దాంతో ఆగిపోతేనే నష్టం.

8. బాగుపడుతోందో లేదో ఎలా తెలుస్తుంది

బరువు ఒక్కటే చూడకండి. అది క్లినిక్‌లో తూస్తారు, అక్కడే ఉండనివ్వండి. ఇంట్లో మీరు చూడాల్సింది మళ్లీ ఆ పాత కొసే: అనుకోనిది ఎదురైనప్పుడు మనిషి ఎలా ఉన్నారు? పక్కింటివాళ్లు ఇచ్చిన బొబ్బట్టు సగమైనా తిని టీవీ చూస్తూ కూర్చుంటే అది పెద్ద మార్పు. హోటల్‌కు వెళ్లే ముందు మెనూ గంటసేపు చదవకపోవడం, 'చెడ్డ' జాబితాలోంచి ఒకటి తిరిగి కంచంలోకి రావడం, స్నేహితులతో బయటికి వెళ్లడం, ఇవన్నీ నోట్‌బుక్‌లో రాయండి.

చికిత్స మొదలైన కొత్తలో కోపం, ఏడుపు పెరగొచ్చు. తిండి పెరిగినకొద్దీ లోపలి భయమూ పైకి వస్తుంది. మందు పడలేదనుకుని ఆపేయకండి. నెలసరి తిరిగి రావడానికి నెలలు పట్టొచ్చు. చిన్నవయసు పిల్లల్లో అయితే తల్లిదండ్రులే భోజనం బాధ్యత తీసుకునే కుటుంబ చికిత్స ఉంది, పక్కన కూర్చుని తినిపించే పద్ధతి కూడా థెరపిస్టు నేర్పుతారు. పెద్దవాళ్లకు ఎక్కువగా సీబీటీ అనే మాటల చికిత్స, అవసరాన్ని బట్టి మందులు.

పెళ్లిళ్లు, పండగలు వచ్చినప్పుడు ముందే ఏర్పాటు చేసుకోండి. "చిక్కిపోయావేంటే" అనే పిన్నిగారికి ఆమె నోరు తెరవకముందే ఫోన్ చేసి, పిల్ల ఒళ్లు గురించి ఏమీ అనొద్దని చెప్పండి. కొసరి కొసరి వడ్డించే మామ్మగారి పక్కన మీరు కూర్చోండి.

కళ్లు తిరగడం మళ్లీ మొదలైనా, తిన్నాక బాత్రూం అలవాటు తిరిగొచ్చినా, చదువో ఉద్యోగమో మారిన నెలలో కంచం ముందు పాత మొహం కనిపించినా, తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేసి ముందుకు జరిపించుకోండి.